డి నుంచి మొదలయ్యే నిఘంటువు

అఫ్లావోలో పాత పుస్తకాల బండి మీద
దొరికింది సెఫాకోర్‌కి ఫ్రెంచి నిఘంటువు.
ముందు అట్ట లేదు. ఎ, బి, సి లేవు.
ఏ వానకి నానాయో,
ఎవరి పల్లీలకి పొట్లాలయ్యాయో.
సగం ధరకే ఇచ్చాడు బండివాడు.
మిగిలిన సగంతో కొవ్వొత్తులు కొంది.

ఇంగ్లీషు కొంచెం వచ్చు,
బడిలో బెత్తం నీడన నేర్చుకున్నది.
ఆ అరువు దీపం పట్టుకుని ఈ ఇంట్లో అడుగుపెట్టింది.
మొదట్లో అన్నీ తెలిసిన మొహాలే:
నేషన్, టేబుల్, ఫ్రూట్.
పలకరించాక తెలిసింది, వీళ్లు వాళ్లు కారని.
ఇక ఆ చివరి అక్షరాలు!
పెళ్లికొచ్చి, చదివింపుల్లో పేరు రాయించుకుని
విస్తరి ముందు కూర్చోకుండా వెళ్లిపోయే చుట్టాలు.
కాగితం మీద ఉంటాయి, నోట్లో ఉండవు.

బల్ల ఆడదట. గోడ మగవాడట.
కారే పైకప్పు మగవాడు,
అందులోంచి కారిన వాన ఆడది.
ఏ పంచాయితీలో తేల్చారో
అడుగుదామంటే గురువు లేడు.
కంఠతా పట్టింది.
తొంభై తొమ్మిదంటే
నాలుగు ఇరవైలు, ఓ పది, ఓ తొమ్మిది.
కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టే ముసలమ్మలా ఉంది
అనుకుని, కొంచెం ఇష్టపడింది.

పి దగ్గర ఒక రాత్రి ఆగిపోయింది.
ఇంగ్లీషులో పెయిన్ అని చదివే నాలుగక్షరాలు,
అవే, అదే వరసలో,
ఇక్కడ రొట్టె.
గోడకి అవతల, మూడింటికే లేచి
పిండి పిసుకుతున్న అమ్మ
మణికట్టు నొక్కుకుంటోంది.
ఆ మాట సెఫాకోర్ ఎవరికీ చెప్పలేదు.

పలకాలంటే అది ముక్కులోంచి పోవాలి.
ఇంగ్లీషు ఎన్నడూ ఆమె ముక్కుకి పని చెప్పలేదు.
లోమే రేడియోకి చెవి ఆనించి
వారం రోజులు తంటాలు పడింది.
మామ్మ చేపలు తోముతూ నవ్వింది:
"పుట్టినప్పట్నుంచీ ఆ ముక్కుతోనే కదే
నువ్వు నాతో మాట్లాడుతున్నది!"
నిజమే. ఇంట్లో మాట్లాడే ఎవే నిండా అరసున్నలే.
ఎవరూ చెప్పలేదు, అది కూడా చదువేనని.

ఆ శనివారం ఊళ్లో పిండి ధర మండింది.
నిఘంటువు నడుం గుడ్డలో దోపుకుని
సరిహద్దు గేటు దాటింది.
కొట్టు ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది:
'కొనడం' ఎ లో ఉంది. 'ఎంత' సి లో.
తన దగ్గర పిండి ఉంది, అమ్మడం ఉంది, దయచేసి ఉంది.
"దయచేసి నాకు పిండి అమ్మండి" అంది,
తీర్పు చదివే జడ్జీలా.
మదామ్ అకూవి పళ్లపుల్ల నములుతూ
ఎగాదిగా చూసి
"వోయెజో! ఎన్ని కిలోలు బిడ్డా?" అంది,
అచ్చం మామ్మ మాటల్లో.

గీత గీసినవాళ్లు భాష మీంచే గీశారు.
భాషకి ఆ సంగతి తెలియలేదు.

నవ్వాల్సింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.
ఐదు నెలల కొవ్వొత్తులు!
"ఫ్రెంచిలో చెప్పండి" అని ఎవేలో బతిమాలింది.
"నా ఫ్రెంచా? పోలీసులకీ పన్నులకీ సరిపడా ఉంది, అంతే."
అయినా పిండి తూస్తూ
గొంతు సవరించుకుని ఒక మాట ఇచ్చింది:
అష్తే. కొనడం.
ఇంకోసారి, మెల్లగా.
దానికి డబ్బు తీసుకోలేదు.

తిరుగు వరసలో
సంచీ కాళ్ల మధ్య దించుకుని
పిండి సంచీ కాగితం ముక్క చింపి
కుట్టు ఊడిన చోట, డి కి ముందు దోపింది.
పెన్సిల్ ఎంగిలి చేసి
ఆ మాట రాస్తోంటే,
ఏ అక్షరం నోరు మూసుకుంటుందో ఆలోచిస్తోంటే,
వెనకనించి ఎవరో "జరుగు, జరుగు" అన్నారు.
జరిగింది.
ఏ భాషలో అన్నారో గమనించలేదు.