రెండు గీతల చోటు

కౌన్సిల్ వాళ్ల కాగితంలో ఆరో పేజీ:
"మీరు ఈ బడినే ఎందుకు కోరుతున్నారు?"
కింద రెండు గీతలు.

మొదటి బడి వంతెన అవతల.
పొద్దున్నే టాక్సీ, తోడుగా ఒక మనిషి,
గంటా పది నిమిషాల దారి.
గోరువెచ్చని ఈతకొలను, రంగులు మారే దీపాల గది,
నీళ్లలో బుడగలు లేచే గాజు స్తంభం.
ఎమ్రిస్ కళ్లు మెరిశాయి.
హోలీహెడ్ రేవులో ఇరవై ఏళ్లుగా ఓడల్లోకి లారీలు ఎక్కిస్తున్న మనిషి,
కొత్త యంత్రం కనబడితే చాలు
చేతులు జేబుల్లో ఉండవు.
హెడ్‌మిస్ట్రెస్ మంచిదే.
కానీ గంటసేపూ మా వాడి ఫైలుతోనే మాట్లాడింది.
ఫైలు బుద్ధిగా తలాడించింది.
అక్కడంతా ఇంగ్లీషు.

"వాడికి ఏ భాషయితేనేం?" అన్నాడు ఎమ్రిస్, తిరిగొస్తూ.
అన్నందుకు వైపర్లు వేశాడు,
వాన లేకపోయినా.

గెథిన్‌కి ఏ భాషలోనూ ఒక్క మాట లేదు.
కానీ వాళ్ల నానమ్మ వెల్ష్‌లో బంగాళాదుంపలు లెక్కపెడుతుంటే
ఆమె గొంతు మీద అరచెయ్యి ఆన్చి
ఏడు దగ్గర నవ్వుతాడు.
ప్రతిసారీ ఏడు దగ్గరే.
ఇంగ్లీషులో ఏడుకి నవ్వడు.
నేను చెప్పి చూశాను.

రెండో బడి గురించి ఏం చెప్పను?
మరుగుదొడ్డి చూపించమంటే
తాళంచెవి కోసం ముగ్గురు వెతికారు.

మూడోది పాత చాపెల్ వెనక.
పైకప్పు కారుతుంది. కారిడార్ నిండా మాడిన రొట్టె వాసన.
చిన్నపిల్లల తరగతి చూద్దామని వెళ్లి
తప్పు తలుపు తెరిచాను.
పద్దెనిమిదేళ్లవాడు, గడ్డం వచ్చినవాడు,
మెడకి చొంగగుడ్డ,
లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుని
నెమ్మదిగా వాసన చూశాడు.
మా వాడు నిద్రలేచి చేసే మొదటి పని అదే.
ఒక్క గడపలో పదకొండేళ్లు దాటేశాను.

కోట్లు తగిలించే కొక్కేల దగ్గర
ఎవరిదో తెలియని కోటులో ముఖం దాచుకున్నాను.
ఎవరూ ఓదార్చలేదు.
ఒకావిడ టీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లింది.
చక్కెర ఎక్కువైంది.

వచ్చి చూస్తే గెథిన్ కారిడార్ మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు,
సూపర్ మార్కెట్లో, బస్‌స్టాపులో,
మా చెల్లెలి పెళ్లిలో
పడుకున్నట్టే.
నా చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి,
వాణ్ణి లేపడానికి, అందరికీ సారీ చెప్పడానికి.
అప్పటికే వాడి పక్కన ఒకామె పడుకుని ఉంది.
నెస్టా. మెడలో తాళాల గుత్తి, ఒక మేజోడుకి చిల్లు.
వాడితో ఏమీ అనడం లేదు.
వాడు చూసే చోటే చూస్తోంది:
పైకప్పు మీద తడి మరక.
మధ్యాహ్నం భోజనాల బండి వచ్చింది,
నాలుగు కాళ్లూ తప్పించుకుని పోయింది,
ఆ దారికి రోజూ ఉండే మలుపే అన్నట్టు.

ఈతకొలను లేదిక్కడ.
మాటలు నేర్పే ఆమె రెండు వారాలకోసారి వస్తుంది,
అదీ గాలి తక్కువగా ఉంటే.
ఎమ్రిస్ ఇప్పటికీ ఆ గాజు స్తంభం మాటే ఎత్తుతాడు,
కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.
రేపు కౌన్సిల్ కుదరదనొచ్చు.
అసలు నేను కోరుతున్నది వాడి కోసమో,
టీ పెట్టి వెళ్లిపోయిన ఆవిడ కోసమో.

రాత్రి డబ్లిన్ ఓడ కూత వేసింది.
మేడ మీద గది లోంచి గెథిన్
అదే శ్రుతిలో బదులిచ్చాడు.
రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను:

"ఇక్కడ పైకప్పు కారుతుంది.
వాడితో కలిసి దాన్ని చూసే మనిషి ఉంది."

గీతలు అయిపోయాయి.
ఏడు సంగతి
అంచు వెంబడి, సన్నగా రాశాను.