తలకట్టు

బోర్డు పైసగం
జూన్ నుంచీ ఖాళీ.
నా అక్షరాలన్నీ నడుముదాకా దిగి
ముందు బెంచీ పిల్లల తలల వెనక దాక్కుంటున్నాయి.

అయనావరంలో మా తెలుగు బడి.
ఐదో తరగతిలో పదకొండు మంది,
వాళ్ళకి నేను,
నాకో కుడి భుజం.

స్కాన్ ఫిల్ముని లైటుకి ఎత్తి
డాక్టరు పెన్ను మొనతో చూపించాడు:
ఎముకకి కండని కట్టే పట్టీ
ఇదిగో, ఇక్కడ పోగులు పోగులుగా ఊడిందట.
నాకు మేకుకి తగులుకున్న కొంగు కనిపించింది.
"కుట్టేయొచ్చు. ఆరు వారాలు చెయ్యి జోలెలో,
ఆర్నెల్లు ఓపిక."
కుట్టకపోతే?
"కొందరికి అదే సర్దుకుంటుంది.
కొందరికి చిరుగు పెరుగుతుంది."
ఆ కొందరి పేర్లు
ఏ హాజరుపట్టీలోనూ లేవు.

ఇన్బవల్లి, ఫిజియో పిల్ల,
గోడమీద వేళ్ళతో నడవమంటుంది.
అందినచోట పెన్సిల్ గీత, పక్కన తేదీ,
ఎదిగే పిల్లల ఎత్తు గుర్తుపెట్టినట్టు.
నేను కొన్ని వారాలు పొట్టినవుతాను.
"ఇన్నుం కొంజెం, టీచర్."
ఇంకొంచెమే. ఎప్పుడూ ఇంకొంచెమే.

రాత్రి రెండింటికి
నాకన్నా ముందు భుజం లేస్తుంది.
ఎడమకి ఒత్తిగిలి లెక్కలేస్తాను.
ఆర్నెల్లు సెలవు పెడితే
నా బదులు ఎవర్నీ వెయ్యరు.
పదకొండు మందినీ పక్క తమిళ సెక్షన్లో కూర్చోబెడతారు.
తిరిగొచ్చేసరికి చెయ్యి లేస్తుంది,
రాయడానికి గది ఉండదు.
పెట్టకపోతే, రిటైరుకి ఇంకా నాలుగేళ్ళు.
బస్సు రాడ్డు. దండెం. జాకెట్టు హుక్కు.
జడ సంగతి మా ఆయన చూస్తున్నాడు,
ఐసీఎఫ్‌లో బోగీలకి రంగులేసిన చేతులు,
మూడు పాయలూ రెండున్నరగానే కుదుర్తాయి.

నిన్న సామెతల పాఠం.
గుమ్మడికాయల దొంగ దగ్గరికి రాగానే
క్లాసంతా నా చేతివైపు చూసి నవ్వింది.
నేనూ భుజం తడుముకుంటూనే నవ్వాను.

తర్వాత ఢిల్లిబాబు బల్లెక్కి
ఎవరూ అడక్కుండానే పైన తేదీ వేశాడు.
మంగళవారంలో
'గ'కి తలకట్టు మరిచాడు.
దిద్దబోయాను.
చాక్‌పీసు చెవి ఎత్తున ఆగింది.
"ఎక్కడో చెప్పండి టీచర్, నే పెడతా."
చెప్పాను.

సంచిలో, దిద్దాల్సిన నోటుపుస్తకాల మధ్య
ఆసుపత్రి కాగితం.
సంతకం దగ్గర ఖాళీ.
తేదీ దగ్గరా.