పెడచెవి

రాజోలు బస్టాండు ఎదర నాది టైపు షాపు,
పేజీకి రెండు రూపాయలు.
లస్కరు నేలపూడి దానయ్య తెలుగులో చెబుతాడు,
నేను ఇంగ్లీషులో కొడతాను:
మురుక్కాలవ తూము తలుపు తుప్పు తినేసింది,
పోటుకి ఉప్పునీరు చేలోకి ఎగదన్నుతోంది,
కనీసం గ్రీజు డబ్బా అయినా పంపించండి.

ఏడో అర్జీలో ఒక మాట నా అంతట నేనే చేర్చాను:
అన్‌హీడెడ్.
"ఏటండీ అది, తిట్టా?"
తిట్టు కాదయ్యా, విశేషణం.
నిఘంటువు తీస్తే 'లక్ష్యపెట్టబడని' అని ఉంది.
ఆ మాట ఆయన నోట పట్టలేదు.
"పెడచెవిని పెట్టిందాండీ?"
అదే.
"ఆయ్, అయితే చెవంటూ ఉందన్నమాట ఆళ్ళకి."

మనిషికి వాడతారా అనడిగాడు.
సాధారణంగా వాడరు,
మనిషి చెప్పినదానికి వాడతారు అన్నాను.
రిబ్బను వంక చూస్తూ కూచున్నాడు.
"పోన్లెండి. నేను కాదు, నా కాగితం."
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి సైకిలెక్కాడు.

భాద్రపద అమావాస్య పోటుకి తలుపు ఊడిపోయింది.
రాత్రంతా ఇసక బస్తాలు మోశాడట.
పదో రోజుకి చేలు చౌడు తేలాయి.
జీపు దిగిన ఆఫీసరు అడిగాడు,
ముందే ఎందుకు చెప్పలేదు?

కార్బను కాపీలు ఏడూ తీసి వరసగా పరిచాను.
నా మిషను మీద 'హెచ్' సరిగ్గా పడదు, ఎప్పటినుంచో.
ఏడో కాగితంలో అది ఉందో లేదో అన్నట్టుంది.
అది లేకుండా చదివితే
అక్కర్లేనిది అనే అర్థం వస్తుంది.

బాగుచేయించాలి. దానయ్య కూడా చెప్పాడు
ఒకటి రెండుసార్లు.