మినిట్స్‌లో రాయనివి

సమావేశానికి నలభై ఐదు మంది వచ్చారు,
మూడు కుక్కలు కూడా.
కుక్కల సంగతి మినిట్స్ పుస్తకంలో రాయలేదు.

స్కాట్లాండ్‌కి పైన, సముద్రంలో మా దీవి.
వారానికి రెండు పడవలు,
చలికాలం మూడున్నరకే చీకటి.
గాలి మాకు చుట్టం కాదు, ఇంట్లో మనిషి.
తలుపు తీస్తే మనకంటే ముందు అదే లోపలికొస్తుంది.

ఆ జనవరిలో ఒక రోజు
గాలి గొర్రెల్ని నేలకి అదుముతుంటే
గుట్ట మీది మా గాలిమర కదలకుండా నిలబడింది.
అవతలి ఒడ్డు నుంచి ఉత్తర్వు:
కేబుల్ నిండిపోయింది, ఆపండి.
సరిగ్గా దాని కిందే
బార్బరీ టలక్ వేడినీళ్ల సంచి ఒళ్లో పెట్టుకుని
ఉన్న రెండు గదుల్లో ఒక్కదాన్లో కూర్చుంది.
మీటర్లో ఒకటిన్నర పౌన్లు మిగిలాయి.
రెక్కలూ ఆగాయి, హీటరూ ఆగింది.
గాలి ఒక్కటే పనిచేస్తోంది,
ఎవరి కూలికో దానికీ తెలీదు.

ఎడిన్‌బరో నుంచి వచ్చినాయన పేరు రాశాను: కాలమ్ ప్రింగిల్.
కొత్త బూట్లు, మెత్తటి మాట.
రేవు పక్కన ఓడ కంటైనరంత బ్యాటరీ పెడతారట.
నేల మాది, పెట్టె వాళ్లది, పాతికేళ్లు.
కరెంటు చవకైనప్పుడు నింపుతారు,
ప్రియమైనప్పుడు అమ్ముతారు.
మాకు ఏటా కొంత సొమ్ము, ఈ హాలుకి రంగు.
ఏ రంగు, అని వెనక బెంచీ అడిగింది.
నవ్వులు. అవీ రాయలేదు.

బడి పంతులమ్మ రోనా ఇస్‌బిస్టర్ లేచి
పెట్టె మనమే కొందామంది.
ఇంటికి యాభై పౌన్ల వాటా, మిగతాది అప్పు.
అప్పు అనే మాట దగ్గర గొంతు తగ్గించింది.
సిగర్డ్ మూర్ ఊరుకోలేదు.
"ఇంటి దీపమని ముద్దాడితే మూతి కాలదా?
పోయిన తుఫానుకి పడిన గోడే లేపలేదు మనం,
ఇక బ్యాటరీని లేపుతామా?"

గోడ సంగతి తెలియని వాళ్లకి చెప్పాలి.
దీవి చుట్టూ రాతిగోడ,
గొర్రెల్ని పొలంలోకి రానీకుండా
నాచు మేసే ఒడ్డునే ఉంచుతుంది.
ఇన్ని బారలు మూర్‌లవి, ఇన్ని టలక్‌లవి.
ఏ కాగితం మీదా లేదు.
రాయి దొర్లితే ఎవరి రాయో అందరికీ తెలుసు.
ఖాళీ అయిన ఇళ్ల బారలు మాత్రం
పడ్డవి పడ్డట్టే ఉన్నాయి.

అప్పుడు బార్బరీ, కూర్చునే, అడిగింది:
"పెట్టె నిండాక
తాళం చెవి ఎవరి జేబులో ఉంటుంది?"
ప్రింగిల్ నవ్వాడు.
తాళం చెవి లాంటిదేమీ ఉండదమ్మా,
అంతా అవతలి నుంచే.
ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడాడు.
మేం మాత్రం "అవతల" దగ్గరే ఆగిపోయాం.

ఇరవై నాలుగు, పద్దెనిమిది. ముగ్గురు చెయ్యెత్తలేదు.
ఆ ముగ్గురిలో నేనొకదాన్ని.
రాస్తున్న చేతిని ఎలా ఎత్తను, అన్నాను తర్వాత.
అబద్ధం. అప్పంటే నాకూ భయమే.

రెండో నవంబరులో పెట్టె ఫ్యాను చచ్చింది.
విడిభాగం గురువారం పడవకి రావాలి,
సముద్రం గురువారాన్ని రానివ్వలేదు.
నాలుగు రోజులు ఊరంతా కోట్లు వేసుకునే అన్నం తింది.
వద్దని చెయ్యెత్తిన సిగర్డే
లాంతరు పట్టుకుని రాత్రీ పగలూ రేవులో ఉన్నాడు,
తిడుతూ.
ఎవర్ని తిట్టాలో తెలియక మధ్యలో ఆగేవాడు.
అవతల ఇప్పుడు ఎవరూ లేరు.

హాల్లో ఒకే మేకుకి రెండు జాబితాలు వేలాడుతున్నాయి:
గోడ వంతు, పెట్టె వంతు.
రంగు ఇంకా వెయ్యలేదు.

బార్బరీ రెండో గది ఇప్పుడు వెచ్చగా ఉంటుంది.
తలుపు తెరిచి పెట్టి
మొదటి గదిలోనే కూర్చుంటుంది.
ఎందుకని అడిగితే,
వేడి తనే నడిచొస్తుందిలే, అంటుంది.