డెబ్బయి రెండో వంతు

నా కనుబొమల పట్టకారు మళ్లీ కనబడలేదు.
వెతకక్కర్లేదు. భోజనాల బల్ల దగ్గర
మా ఆయన విస్తిన్, ఊపిరి బిగబట్టి,
చీమ తలంత డయల్ని దాంతో పట్టుకుని
కాక్‌పిట్‌లో కూర్చోబెడుతున్నాడు.
తీగ మీద బట్టల క్లిప్పులు ఏడే మిగిలాయి.
మిగతావన్నీ ఒక స్పిట్‌ఫైర్ రెక్కని కరుచుకుని ఉన్నాయి.
గాలికి లేచిపోయిన దుప్పటిని
పక్కింటి గ్రెజ్జా మేడ మీదనుంచి తెచ్చుకున్నాను.
మా ఇంట్లో నిజంగా ఎగిరింది అదొక్కటే.

పగలు బొర్మ్లా డాక్‌లో ట్యాంకర్ల పొట్టలకి రంగు కొడతాడు,
తాళ్ల మీద వేలాడుతూ, బారెడు గొట్టంతో,
పీపాలకు పీపాలు.
రాత్రికి మూడు వెంట్రుకల కుంచె.
ఆ వేళ్లు టీ కప్పు చెవిలో దూరవు.

సూప్ గిన్నె దిగాలంటే ముందు రన్‌వే ఖాళీ కావాలి.
ఎనామెల్ వాసన జున్నులోకి దిగుతుంది, అలవాటైపోయింది.
రొమీనా చక్రం మింగిందనుకుని
రెండు రోజులు కాపు కాశాం.
అది దాని బొమ్మ పెళ్లికూతురికి పళ్లెమైంది,
అందులో విందు కూడా జరిగిపోయింది.

క్లేటన్ స్కేలు పట్టుకుని ఇల్లంతా కొలుస్తాడు,
దేన్నైనా డెబ్బయి రెండుతో భాగిస్తాడు.
"అమ్మా, నువ్వు రెండుంబావు సెంటీమీటర్లు.
నాన్నమ్మ రెండే.
నిన్న మీరిద్దరూ అరుచుకున్నది పన్నెండు నిమిషాలు.
అంటే పది సెకన్లు."

ఆ పది సెకన్లూ రంగు గురించే.
నలభై రెండులో మా దీవికి వచ్చిన విమానాలకి
దారిలో, ఓడ మీదే,
ఇసుక రంగు పైన మరేదో పూశారట.
నీలమంటాడొకడు. బూడిదంటాడొకడు.
మూడు పుస్తకాలు, నాలుగు రంగులు.
ఈయన కలిపినవి పద్నాలుగు,
పద్నాలుగూ నా జామ్ సీసాల్లోనే.

"పుస్తకాలెందుకు, మీ అమ్మనడగరాదూ,
ఆవిడ అప్పుడిక్కడే ఉందిగా" అన్నాను విసుగ్గా.

మా అత్త జుజెప్పా బఠాణీలు ఒలుస్తోంది.
"పైన ఎలా ఉండేవో నాకేం తెలుసు?
మేం రాతిలో తొలిచిన సొరంగంలో ఉన్నాం.
మోత తెలుసు.
మనదేదో వాళ్లదేదో చప్పుడు బట్టి చెప్పేదాన్ని.
మా అన్న తప్పేవాడు. నేను తప్పలేదు."
ఒక బఠాణీ బల్ల కిందికి దొర్లింది.
"ఒకదాన్ని మాత్రం దగ్గరగా చూశాను.
గోడవతల ఉల్లిచేలో పడింది.
జనం తలో ముక్కా మోసుకొచ్చుకున్నారు,
మా వాటాకి తలుపంత రేకు.
అమ్మ నాకు ఇసుకా గోనెపీచూ ఇచ్చి రుద్దమంది.
దాని మీద టమాటాలు ఆరబెట్టాలి,
రంగుంటే ఎలా తింటాం?
మూడు రోజులు రుద్దాను."

కుంచె ఆగింది. "ఏ రంగమ్మా?"

"ఎనిమిదేళ్ల చేతులు, నాయనా.
నాకు గుర్తున్నదొక్కటే. అది పోని రంగు."

"ఆ రేకు?"

"కుందేళ్ల గూటి మీద.
చిన్నప్పట్నుంచీ మేత వేసింది నువ్వేగా."

టార్చి పట్టుకుని మేడెక్కాడు.
గోకిన చప్పుడు కిందికి వినబడుతూనే ఉంది:
మొన్నటి తలుపు పచ్చ,
దాని కింద మామగారి కాలంనాటి బాల్కనీ ఎరుపు,
దాని కింద సున్నం.
గంట తర్వాత నన్ను పిలిచాడు.
మాట్లాడలేదు. వెలుతురు అటు తిప్పాడంతే.
ఉత్త లోహం.
దాని నిండా సన్నటి గీతలు, గుండ్రంగా,
ఒక చిన్న చెయ్యి ఎంతవరకు అందుతుందో అంతవరకు.

మర్నాడు పద్నాలుగు సీసాల్లో ఒకటి మూత తీశాడు.
ఏదో నేను చూడలేదు.
ఎడమ రెక్క కింద, వేలిగోటిలో సగమంత చోటు
వెండిగానే వదిలేశాడు.

పారిష్ హాల్లో పోటీకి పెడితే
న్యాయనిర్ణేత భూతద్దం దించి రాశాడు:
"ఇక్కడ రంగు వేయడం మరిచారు.
రెండు మార్కులు తగ్గించడమైనది."

మా అత్త ఆ కాగితం క్లేటన్ చేత రెండుసార్లు చదివించుకుంది.
"మూడు రోజులు రుద్దితే
రెండు మార్కులేనా?" అంది.