బండి ర

నెల్లూరు ఆటోనగర్లో మూడో సందు,
రేడియేటర్ల మస్తానయ్య షెడ్డు పక్కన
నాది. బోర్డు లేదు.
"ల్యాప్‌టాప్ పెంచలయ్య యాడుంటాడు" అని అడిగి వస్తారు.
పానా వదిలేసి పదకొండేళ్ళు.
ఇప్పుడు నా గోళ్ళల్లో గ్రీజుండదు,
అందుకే మా అమ్మకు నా పని మీద నమ్మకం లేదు.

స్టీరింగు కింద, మోకాలు తగిలే చోట
పదహారు కన్నాల సాకెట్టు.
వైరు గుచ్చి కూర్చుంటే
ఇంజను తన ఎక్కాలు అప్పజెబుతుంది:
ఇన్ని చుట్లకు ఇంత డీజిలు,
ఇంత గాలికి ఇంత మంట,
ఇంతకు మించి వద్దు.
ఆ వద్దు దగ్గరే నా బేరం.

అల్లూరు రొయ్యల కోటారెడ్డి పికప్ తెచ్చాడు.
"ఐసు కరిగే లోపల కంపెనీ గేటు కాడుండాల అబ్బయ్యా,
సరుకు మెత్తబడితే నువ్విస్తావా డబ్బులు?"
పన్నెండు గళ్ళల్లో అంకెలు పెంచాను.
పొగను వెనక్కి తిప్పి మింగించే వాల్వు ఒకటుంటుంది,
దాన్ని నిద్రపొమ్మన్నాను.
అది నిద్రపోతోందని దీపం వెలిగించొద్దని
డ్యాష్‌బోర్డుక్కూడా నచ్చజెప్పాను.
బండి సందు మలుపులో ఒక్కసారి గర్జించి
వెనక్కి నల్లగా ఉమ్మింది.

గడువు దగ్గరపడితే మళ్ళీ వస్తారు, ముందురోజు రాత్రి,
దొంగల్లాగా కాదు,
బొట్టు పెట్టుకుని పరీక్షకు పోయే పిల్లల్లాగా.
"పాతది ఎక్కించన్నా, రేప్పొద్దున ఒక్క పూటకి."
నా దగ్గర అందరి పాతదీ ఉంటుంది.
బండికో ఫైలు, పేరు చివర "తుడవొద్దు" అని.
కంపెనీలో పుట్టినప్పటి బుద్ధి
పావుగంటలో తిరిగొస్తుంది.
మనుషులకైతే కుదరదు. అడిగినవాళ్ళున్నారు.

మినీ బైపాస్ బంకు కాడ వ్యాను,
వ్యానులో షంషాద్.
గొట్టంలో కడ్డీ పెట్టి "తొక్కు" అంటుంది.
తొక్కుతారు. తెర మీద అంకె లేస్తుంది, తూగుతుంది,
గీత కిందే ఆగిపోతుంది.
ఆమెకు తెలుసు.
కడ్డీ తీసి, గొట్టం లోపల వేలు తిప్పి
ఆ వేలు నాకు చూపిస్తుంది.
"ఇది ఇయ్యాల్టి పొగ కాదు పెంచలయ్యా."
కాయితం మాత్రం ప్రింటవుతుంది.
మిషనుకు నిన్న అనేది లేదు.

రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో దిగి
ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, ఇల్లు రొట్టె అని
జనం కేకలేస్తుంటే
నేనడగాల్సిన రొట్టెకు పేరు దొరక్క,
చేతికందింది ఆకలికి తినేసి వచ్చాను.

నా షెడ్డుకు ఎదురు చెంచమ్మ టీ కొట్టు గోడ.
కొత్త లెక్క ఎక్కించిన ప్రతి బండినీ
దాని వైపు వీపు పెట్టించే తొక్కిస్తాను,
సందులో వేరే చోటు లేదు.
రెండుసార్లు సున్నం కొట్టించిచ్చాను.
మూడోసారి వద్దంది:
"ఉండనీలే అయ్యా, అదీ కాయితమే."

నిన్న సాయంత్రం ఆమె మనవరాలు,
రెండో తరగతి,
ఆ మసి మీద వేలితో రాస్తోంది.
చక్రం లాంటిదొకటి, మధ్యలో ఇరుసు లాంటి గీత.
"ఏందమ్మా అది?"
"బండి ర. పుస్తకంలో తీసేశారంట, అవ్వ చెప్పింది."
"తీసేసిందాంతో నీకేం పని?"
"యాడో ఒకచోట ఉండాల గదా"
అని వేలు గౌనుకు తుడుచుకుంది.
గౌను మీద కూడా సగం అక్షరం పడింది.

అప్పటికి నా షెడ్డులో ఒక బండి సిద్ధం,
లెక్క ఎక్కింది, తొక్కి చూడ్డమే మిగిలింది.
డ్రైవరు తాళం తిప్పాడు.
"అటు తొక్కొద్దు, ముందుకు తియ్" అన్నాను.
వాడు సందు ఆ చివరా ఈ చివరా చూశాడు.
మస్తానయ్య షెడ్డు, టైర్ల షెడ్డు, నా షెడ్డు.
"ఎటు తొక్కమంటావన్నా మరి?"