ఇంతకీ ఎలుక ఉందా

నంబరు రెండువందల పన్నెండు
తినడం మానలేదు.
గంపెడు మేసేది, తొట్టెడు తాగేది,
రోజురోజుకీ ఎముకల గూడయ్యేది.
దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది.
పశువుల డాక్టరు మోచేతి దాకా ఉన్న గ్లౌజు విప్పుతూ
ఆ జబ్బు పేరు చెప్పినప్పుడు
నాన్న టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
లారీ రివర్సు చేస్తుంటే గేటు పట్టుకున్నది నేనే.

ముప్పై ఒకటో ఏట
నేనూ తినడం మానలేదు.

అబెరిస్ట్విత్ ఆసుపత్రిలో డాక్టర్ గ్వెన్లియన్
కాగితం వెనక నా పేగు బొమ్మ గీసింది.
వాచినచోటల్లా నీలం గీతలు.
క్రోన్స్ అంది.
నా ఒంట్లో కాపలావాళ్లే
ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెడుతున్నారని
నాకర్థమైంది.
"ఇంతకీ ఎలుక ఉందా?" అన్నాను.

ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.
కొందరి పేగుల్లో ఆవుల సూక్ష్మజీవి దొరికిందట.
కొందరిలో ఎంత వెతికినా లేదట.
దొరికినచోట కూడా
అది కన్నం వేసిన దొంగో,
తలుపు తీసి ఉంటే తొంగిచూసిన బాటసారో
చెప్పలేమట.
పెంచి చూద్దామంటే నెలలు పడుతుందట,
అంత బద్ధకపు ప్రాణి.
ఆ పావుగంటలో నేను లెక్కపెట్టిన "కావచ్చు"లు
పద్నాలుగు.

పాలు పితికే కొట్టంలో మేకుకి
నీలం ఎనామిల్ కప్పు ఉండేది,
అంచున పెచ్చు ఊడి, నల్లటి మచ్చతో.
పొదుగు వేడి ఆరకముందే నాన్న ముంచి ఇచ్చేవాడు.
ముందు నేను, తర్వాత నా కవల యెస్తిన్.
అదే కప్పు, అవే పాలు, అదే మీసం.
వాడిప్పుడు శనివారాలు రగ్బీ ఆడతాడు,
రాళ్లు పెట్టినా అరిగించుకుంటాడు.

పక్క మంచం మోర్వెన్నాది స్వాన్సీ, ఐదో అంతస్తు.
పాలవాసనకే కడుపులో తిప్పుతుందట.
ఆవుని చూసింది సీసా మీది బొమ్మలోనే.
ఆమె పొట్ట మీదా నాలాంటి కుట్లే,
పదకొండు.

కాకి వాలింది, తాటిపండు రాలింది.
మా కొండమీద తాళ్లు లేవు.
కాకులు మాత్రం కావలసినన్ని.

జానెడు పేగు కోసి ల్యాబుకి పంపారు.
వారాలు గడిచాయి. ఉత్తరం వచ్చింది:
కనబడలేదు.
కింద సన్నని అక్షరాల్లో:
కనబడకపోవడం లేకపోవడం కాదు.

ఎనిమిది వారాలకోసారి డ్రిప్పు,
కాపలాని జోకొట్టే మందు.
"ఎలుక నిజంగా ఉంటే, కుక్కకి మత్తు పెట్టి
దాన్ని మేపుతున్నట్టు కాదూ?"
"మంచి ప్రశ్నే," అంటూ గ్వెన్లియన్ నరం వెతికింది.
మందు పనిచేసింది.
నొప్పి లేని మొదటి రాత్రి
అలవాటు తప్పి నిద్రపట్టలేదు.

ఇంటికొచ్చేసరికి మేకుకి కప్పు లేదు.
నేనడగలేదు. ఆయన చెప్పలేదు.
మార్చిలో గిట్టల కత్తి కోసం వెతుకుతుంటే
నట్టుమందు డబ్బాల వెనక
గోనెగుడ్డలో చుట్టి దొరికింది, తళతళా తోమి.
ఎక్కడిదక్కడే పెట్టేశాను.

ఆ రాత్రే ఒకటి ఈనింది.
ఇప్పుడు కొత్త పద్ధతి:
దూడని తల్లి నాకకముందే విడదీయాలి,
జున్నుపాలు అరవై డిగ్రీల్లో గంటసేపు ఉంచాలి.
బకెట్లో థర్మామీటరు, పక్కన నాన్న,
గడ్డిలో నేను.
ఆకలికి దూడ నా వేళ్లు చీకుతోంది,
నాలుక గరుకు కాగితంలా.

"ఆ పాల వల్లేనా, లునెడ్?"
ఇరవై రెండేళ్ల నాటి లారీ
ఇంకా గేటు దాటనట్టు నిలబడి అడిగాడు.

"కావచ్చు," అన్నాను.
"కాకపోవచ్చు."

గోడ అవతల తల్లి అరుస్తూనే ఉంది.
ఆయన వంగి అంకె చూశాడు,
టార్చి వేసి మళ్లీ చూశాడు.
"ఇంకో పావుగంట," అన్నాడు,
నాతోనో, దూడతోనో.